వెండి మట్టితో ఇంట్లో నగలు: ముందు మంటను తేల్చుకోండి, తర్వాత మట్టిని కొనండి

వెండి మట్టితో, అంటే ఆకృతి చేసి కాలిస్తే వెండిగా మారే ముద్దతో, నగలు చేసుకోవాలని నిర్ణయించుకున్నవారికి మొదటి చిక్కు పొట్లం కొనే దగ్గరే ఎదురవుతుంది. చూడటానికి ఒకేలా ఉండే ముద్దల మీద వెయ్యి పాళ్లలో వెండి ఎంతో చెప్పే 999, 960, 925 అన్న వేర్వేరు అంకెలుంటాయి. కొన్నింటి మీద తక్కువ వేడికే కాలుతుందని, మరికొన్నింటి మీద కార్బన్‌లో (బొగ్గు పలుకుల్లో) పూడ్చి కాల్చాలని రాసి ఉంటుంది. చాలామంది వెండి స్వచ్ఛతను చూసో ధరను చూసో ఒకటి ఎంచుకుని, నగ తయారై ఆరిన తర్వాత, దాన్ని కాల్చే సాధనం తమ దగ్గర లేదని గ్రహిస్తారు. అందుకే ఈ వ్యాసంలో ఎంపిక క్రమాన్ని తిరగేస్తున్నాను. మీ ఇంట్లో ఏ మంట సాధ్యమో ముందు తేల్చుకుంటే సగం రకాలు వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి, మిగిలిన కొద్దింటిలో ఏది కావాలో మీరు చేయదలచిన నగే చెబుతుంది.

## మంటలో జరిగేది ఏమిటి

పేరుకు మట్టి అయినా ఇందులో మన్ను ఏమీ లేదు. అతి సూక్ష్మమైన లోహపు పొడి, దాన్ని ముద్దగా పట్టి ఉంచే సేంద్రియ బైండర్, నీరు మాత్రమే ఉంటాయి. జపాన్‌కు చెందిన మిత్సుబిషి మెటీరియల్స్ సంస్థ 1990ల తొలినాళ్లలో దీన్ని రూపొందించింది. ప్రెషస్ మెటల్ క్లే అన్న దాని పేరునే క్లుప్తంగా పీఎంసీ అంటారు. అదే దేశానికి చెందిన ఐడా కెమికల్ ఇండస్ట్రీస్ తయారుచేసే ఆర్ట్ క్లే సిల్వర్ కూడా అంతే ప్రసిద్ధమైనది. రాగి, కంచు మట్టి రకాలు ఆ తర్వాత వచ్చాయి.

కాల్చినప్పుడు నీరు ఆవిరై, బైండర్ కాలిపోయి, లోహపు కణాలు మాత్రమే మిగులుతాయి. అవి కరగకుండానే, తాకిన చోటల్లా ఒకదానితో ఒకటి కలిసిపోయి గట్టి లోహంగా మారతాయి. దీన్ని సింటరింగ్ అంటారు. శుద్ధ వెండి సుమారు 962 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది కాబట్టి, కణాలు అతుక్కునేంత వేడి అందాలి గాని కరిగేంత వేడి తగలకూడదు. ఈ పనిలోని సులువూ కష్టమూ ఈ నడిమి జాగాలోనే ఉన్నాయి. బైండర్ పోగా మిగిలిన ఖాళీలు మూసుకుంటున్నకొద్దీ వస్తువు కుంచించుకుపోతుంది. ఎంత కాల్చినా కొన్ని సూక్ష్మ రంధ్రాలు మిగిలే ఉంటాయి గనుక, పోత పోసిన వెండి అంత దిటవు దీనికి రాదు. మట్టి రకాల మధ్య తేడాలన్నీ ఈ రెండు విషయాల చుట్టూనే తిరుగుతాయి.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

అన్నిటికంటే ముందు చూడవలసింది మంట: టార్చా (మంట చిమ్మే చేతి పనిముట్టు), గ్యాస్ పొయ్యా, ఎలక్ట్రిక్ కిల్నా (కరెంటు కొలిమి) అన్నది. రెండవది నగ పొందే రాపిడి. మెడలో వేలాడే లాకెట్టుకు సరిపోయే బలం, రోజంతా వస్తువులకు తగిలే ఉంగరానికి చాలదు. మూడవది కుంచింపు. కొలత తప్పకూడని నగకు, కొలతతో పనిలేని నగకు ఇక్కడ చాలా తేడా ఉంటుంది. నాలుగవది మట్టిలోనే పొదగాలనుకునే రాళ్లు. ధరను నేను చివరన పెడతాను, ఎందుకంటే కాల్చలేని మట్టి ఎంత చౌకగా వచ్చినా దండగే.

## మూడు మంటలు

బ్యూటేన్ టార్చ్. చేతిలో పట్టే చిన్న టార్చ్, ఫైర్ బ్రిక్ (వేడిని తట్టుకునే ఇటుక), పొడవాటి పటకారు ఉంటే పని మొదలుపెట్టవచ్చు. సాధారణంగా 25 గ్రాముల లోపు బరువున్న, పెద్ద నాణెం కన్నా మించని వెండి వస్తువులకే ఇది తగినది. అంతకు మించితే ఒక కొన ఎర్రబడేలోగా మరో కొన చల్లారిపోతుంది.

టార్చ్‌తో కాల్చేవారికి కొలమానం తమ కన్నే. అందుకే గదిలో వెలుతురు తగ్గించుకోవడం మంచిది. మంటను గుండ్రంగా తిప్పుతూ మెల్లగా వేడి చేస్తే, మొదట కొద్దిగా పొగ లేచి చిన్న మంట అంటుకుంటుంది. అది బైండర్ కాలడం కాబట్టి కంగారు పడనక్కరలేదు. తర్వాత వస్తువు తెల్లబడుతుంది. ఇంకా వేడెక్కితే లేత నారింజ రంగులో వెలగడం మొదలవుతుంది, సమయం లెక్కపెట్టవలసింది ఆ క్షణం నుంచే. చాలా చిన్న వస్తువుకు కనీసం 2 నిమిషాలు, పెద్దదానికి 4 నుంచి 5 నిమిషాల పాటు ఆ వెలుగు తగ్గకుండా, పెరగకుండా నిలపాలి. ఉపరితలం ఉన్నట్టుండి అద్దంలా తళుక్కుమంటే అది కరగబోతోందని అర్థం, వెంటనే మంటను దూరంగా జరపాలి. ఈ ఒక్క సంకేతాన్ని గుర్తుపట్టడం వస్తే టార్చ్ పనిలో సగం భయం పోతుంది.

గ్యాస్ పొయ్యి. పొయ్యి మీద స్టెయిన్‌లెస్ స్టీల్ జాలీ పెట్టి, అది ఎర్రగా కాలే చోటును గుర్తుపెట్టుకుని, మంట ఆపి, అక్కడ వస్తువునుంచి మళ్లీ వెలిగిస్తారు. తక్కువ వేడికి కాలే వెండి మట్టితో చేసిన పలుచని, చదునైన చిన్న నగలకు ఇది పనికొస్తుంది. అయితే మీ పొయ్యి మీద జాలీ అసలు ఎర్రబడకపోతే ఈ పద్ధతిని మరచిపోవడమే మేలు. సగం కాలిన నగ బయటికి వెండిలాగే కనిపిస్తుంది, ఆ తర్వాత ఎప్పుడో చేతిలోనే పుటుక్కున విరుగుతుంది. ఈ మంట మీద వేడిని సరిదిద్దుకునే వీలు తక్కువ కాబట్టి, టార్చ్ కొనగలిగినవారికి నేను దీన్ని సూచించను.

ఎలక్ట్రిక్ కిల్న్. ఖర్చు, స్థలం, విద్యుత్తు, ఓపిక అన్నీ ఎక్కువే కావాలి. అందుకు ప్రతిఫలంగా ఇది ఉష్ణోగ్రతను గంటల తరబడి ఒకే చోట నిలుపుతుంది. వెండి మట్టిని అది తట్టుకునే గరిష్ఠ వేడి దగ్గర, ఎక్కువసేపు కాల్చినప్పుడే ఎక్కువ బలం వస్తుంది. పొట్లం మీద రాసిన కనీస సమయం నగ నిలబడటానికి సరిపోతుందే గాని, దాని పూర్తి బలానికి సరిపోదు. పెద్ద నగలు, బోలు పూసలు, ఉంగరాలు, రాగి, కంచు, స్టెర్లింగ్ (రాగి కలిసిన 925 వెండి) వీటిలో ఏది మీ లక్ష్యమైనా చివరికి కిల్న్ దగ్గరికే రావలసి ఉంటుంది.

మంట ఏదైనా, వస్తువు పూర్తిగా ఆరిన తర్వాతే కాల్చాలి. లోపల మిగిలిన తేమ ఆవిరై వస్తువును ఉబ్బించడమో పగలగొట్టడమో చేస్తుంది. ఆరిందో లేదో తెలుసుకోవడానికి చక్కటి పరీక్ష ఒకటుంది. వస్తువును కొద్దిగా వేడి చేసి, శుభ్రమైన అద్దం మీద కొన్ని క్షణాలు ఉంచి తీయాలి. అద్దం మీద మసక మచ్చ కనిపిస్తే ఇంకా తేమ ఉన్నట్టే.

## మట్టి రకాలు పక్కపక్కన

ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్‌లోనే ఇస్తున్నాను. ఒకే రకంలోనూ తయారీదారును బట్టి అంకెలు కొద్దిగా మారతాయి కాబట్టి, కాల్చే ముందు మీ పొట్లంతో వచ్చిన కాగితాన్నే ప్రమాణంగా తీసుకోవాలి.

| రకం | కాలిన తర్వాత లోహం | కుంచింపు (పొడవులో) | కాల్పు | టార్చ్ పనికొస్తుందా |
|---|---|---|---|---|
| తొలి పీఎంసీ | 99.9 శాతం వెండి | 25 నుంచి 30 శాతం | 900 డిగ్రీల వద్ద 2 గంటలు | లేదు |
| పీఎంసీ ప్లస్ | 99.9 శాతం వెండి | సుమారు 12 శాతం | 900 వద్ద 10 నిమిషాలు లేదా 800 వద్ద 30 నిమిషాలు | చిన్న నగలకు |
| పీఎంసీ3, ఆర్ట్ క్లే వంటి తక్కువ వేడి రకాలు | 99.9 శాతం వెండి | 8 నుంచి 12 శాతం | కనీసం 600 నుంచి 650 వద్ద 30 నుంచి 45 నిమిషాలు | చిన్న నగలకు బాగా |
| 960 | సుమారు 96 శాతం వెండి, మిగతాది రాగి | శుద్ధ వెండి కన్నా కొంచెం ఎక్కువ | సుమారు 900 వద్ద 2 గంటలు, కార్బన్ లేకుండా | వద్దు |
| పీఎంసీ స్టెర్లింగ్ | 92.5 శాతం వెండి | 10 శాతానికి పైగా | రెండు దశలు: మొదట 538, తర్వాత కార్బన్‌లో 815 | లేదు |
| కంచు, రాగి | మిశ్రమ లోహం లేదా రాగి | రకాన్ని బట్టి | ఎక్కువగా కార్బన్‌లో, గంటల తరబడి | అరుదుగా |

శుద్ధ వెండి రకాలు. తొలి పీఎంసీ కుంచింపు చూసి చాలామంది దాన్ని కొట్టిపారేస్తారు, కానీ అది ఒక్కోసారి వరం కూడా. పెద్దగా చెక్కిన నగిషీ నాలుగో వంతుకు పైగా చిన్నదైనప్పుడు, చేతికి సాధ్యం కానంత సన్నని గీతలు నగ మీద మిగులుతాయి. నగిషీ పని మీద మోజున్నవారు, చేతిలో కిల్న్ ఉంటే, దీన్ని తప్పక పరిశీలించాలి. మిగిలినవారికి తక్కువ వేడి రకాలే సరైనవి. అవి టార్చ్‌కూ కిల్న్‌కూ లొంగుతాయి, కొలతలు ఊహించడం సులువు, తప్పిదానికి కొంత చోటు కూడా ఇస్తాయి.

శుద్ధ వెండికి మరో మంచి గుణముంది. అందులో రాగి లేదు కాబట్టి కాల్చినప్పుడు నల్లటి ఆక్సైడ్ పొర ఏర్పడదు, మీనా పనికి నేల శుభ్రంగా ఉంటుంది. రంగుల మీనా వేయాలన్నదే మీ ఆలోచన అయితే 960 వైపు, స్టెర్లింగ్ వైపు చూడనక్కరలేదు. లోపం మాత్రం మెత్తదనం. పలుచని ఉంగరం, సన్నని కొక్కెం, పదేపదే వంచే గాజు వంటివి శుద్ధ వెండి మట్టితో చేస్తే ఎక్కువ కాలం నిలవవు.

960, స్టెర్లింగ్. రాగి కలిసేసరికి వెండి గట్టిపడుతుంది. స్టెర్లింగ్ మట్టిలోని రాగి గాలి తగిలితే ఆక్సైడ్‌గా మారి కణాలను అతుక్కోనివ్వదు, అందువల్లే బైండర్ కాలిన తర్వాత దాన్ని యాక్టివేటెడ్ కార్బన్‌లో పూడ్చి కాల్చవలసి వస్తుంది. కార్బన్ లేకుండా ఒకే దశలో కాలే స్టెర్లింగ్ రకాలు కూడా తర్వాత వచ్చాయి గాని, వాటికీ కిల్న్ తప్పదు. శుద్ధ వెండికీ స్టెర్లింగ్‌కూ మధ్య పుట్టిన రాజీ 960. శుద్ధ వెండి మట్టినీ స్టెర్లింగ్ మట్టినీ సమపాళ్లలో కలిపి పిసికితే అది తయారవుతుంది, కార్బన్ బెడద లేకుండానే కాలుతుంది. ఉంగరాల కోసం కిల్న్ కొన్నవారికి నేను సూచించేది ఇదే. అయితే కిల్న్ చూపే అంకె నమ్మదగినదై ఉండాలి. రాగి కలిసిన వెండి శుద్ధ వెండి కన్నా తక్కువ వేడికే మెత్తబడుతుంది, 20 డిగ్రీల తేడా కూడా నగను వంచేయగలదు.

కంచు, రాగి. ధరలో వెండికి వీటితో పోలికే లేదు, కాలిన తర్వాత బలం కూడా ఎక్కువే. అందుకే కొత్తవారికి కంచు మట్టి మంచి అభ్యాసమని చెప్పేవారున్నారు, నేను దానితో ఏకీభవించను. ఆకృతి చేసేటప్పుడు సులువుగానే ఉంటుంది గాని, కాల్పు దగ్గర ఈ రకాలు వెండి కన్నా ఎంతో పేచీ పెడతాయి. స్టీల్ పాత్రలో కార్బన్ ఎంత మందాన ఉందో, నగ కిల్న్‌లో ఏ మూలన ఉందో కూడా ఫలితాన్ని మార్చేస్తుంది. పైగా కార్బన్ కాలేటప్పుడు విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది గనుక, గాలి ధారాళంగా ఆడని గదిలో ఈ పని చేయరాదు. రాగిలో టార్చ్‌తో కాలే రకాలు కొన్ని ఉన్నాయి. వాటి మీద ఏర్పడే నల్లటి పెచ్చును తర్వాత ఆమ్ల ద్రావణంలో తొలగించాలి.

వెండి, రాగి మట్టి రెండూ వాడేవారు పనిముట్లను, ఆకురాళ్లను వేర్వేరుగా ఉంచుకోవాలి. శుద్ధ వెండి 962 వద్ద, రాగి 1085 వద్ద కరిగినా, రెండూ కలిసిన చోట 779 డిగ్రీలకే కరగడం మొదలవుతుంది. వెండి నగకు అంటిన రాగి రజను కిల్న్‌లో అక్కడికక్కడే గుంట చేయగలదు.

బంగారు మట్టి కూడా దొరుకుతుంది, 22 క్యారెట్ల రకం అందులో ప్రసిద్ధం. దాని ధరను బట్టి అది అనుభవజ్ఞులదే. వెండి నగ మీద చిన్న అలంకారానికి కావాలంటే బంగారు పేస్టు కొద్దిగా సరిపోతుంది.

## ముద్దా, పేస్టా, సిరంజా, షీటా

ఇక్కడ ఎక్కువ ఆలోచించనక్కరలేదు. మొదటి కొనుగోలు ముద్దే. పేస్టు ప్రధానంగా అతుకులకు, పగుళ్లు పూడ్చడానికి పనికొస్తుంది. ఆరిన నగను సాన పట్టినప్పుడు రాలిన పొడిని నీటితో నానబెట్టి పేస్టును ఇంట్లోనే చేసుకోవచ్చు, అందుకే ఆ పొడిని ఒక్క రవ్వ కూడా పారేయకూడదు. సాన పట్టేటప్పుడు ముక్కుకు మాస్కు అవసరం. సిరంజి తీగ పనికి, రాళ్ల చుట్టూ గట్టు కట్టడానికి సొంపుగా ఉంటుంది, కానీ చేయి కుదరడానికి సమయం పడుతుంది. షీటు నీరు లేని రకం కాబట్టి ఆరిపోతుందన్న బెంగ ఉండదు, కాగితంలా మడవవచ్చు, కత్తిరించవచ్చు. అన్ని రకాల ముద్దలూ గాలి తగిలిన కొద్ది నిమిషాలకే అంచుల్లో పగలడం మొదలుపెడతాయి గనుక, నెమ్మదిగా పని చేసే అలవాటున్నవారు ఎక్కువసేపు తడిగా ఉండే రకమని రాసిన పొట్లాన్నే వెతుక్కోవాలి.

## కుంచింపు లెక్క

కాలిన తర్వాత 40 మిల్లీమీటర్ల పొడవుండే లాకెట్టు కావాలనుకుందాం. మట్టి 10 శాతం కుంచించుకుపోయేదైతే, 40ని 0.90తో భాగించి సుమారు 44.5 మిల్లీమీటర్ల పొడవున చేయాలి. అదే 28 శాతం కుంచించుకుపోయే తొలి పీఎంసీ అయితే 0.72తో భాగించాలి, అప్పుడు దాదాపు 55.5 మిల్లీమీటర్లు అవుతుంది. 40కి పది శాతం కలిపి 44 అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. లాకెట్టులో అర మిల్లీమీటరు ఎవరికీ కనిపించదు, ఉంగరంలో అది వేలికి ఎక్కకపోవడానికి చాలు.

ఉంగరానికి ఈ లెక్క కూడా పూర్తి భరోసా ఇవ్వదు. మందమైన భాగం, సన్నని భాగం ఒకే తీరుగా కుంచించుకుపోవు. అందుకే కావలసిన కొలతకు సరిపోయే, మంటను తట్టుకునే బిళ్లను ఉంగరం మధ్యలో ఉంచి కాలుస్తారు. ఉంగరం ఆ బిళ్ల దాకా ముడుచుకుని అక్కడితో ఆగుతుంది. ఈ బిళ్లలు కొలతల వారీగా దొరుకుతాయి. ఇది లేకుండా ఉంగరం మొదలుపెట్టవద్దనే నా సలహా.

## రాళ్లు పొదగాలనుకుంటే

ప్రయోగశాలలో తయారైన కెంపు, నీలం, క్యూబిక్ జిర్కోనియా మట్టితో పాటే మంటను తట్టుకుంటాయి. ముత్యం, పగడం, అంబర్, ఓపల్, టర్కాయిస్ తట్టుకోవు, వాటికి గూడు మాత్రం మట్టితో చేసి, కాల్చిన తర్వాత పొదగాలి. అమెథిస్ట్ రంగు కోల్పోతుంది. ఏ రాయి ఉన్నా నగను కాల్చిన వెంటనే నీటిలో ముంచరాదు, దానంతట అది చల్లారేదాకా ఆగాలి. సహజ రత్నాల మీద మనసున్నవారికి అన్నిటికన్నా తక్కువ ఉష్ణోగ్రతకు కాలే రకమే కొంత అవకాశమిస్తుంది, కానీ లోపల చిన్న పగులున్న రాయి ఎక్కడైనా విచ్చిపోవచ్చు.

## ఎవరికి ఏది

ఇంట్లో ఒక బల్ల మూల మాత్రమే ఉన్నవారు, ఈ పని తమకు నచ్చుతుందో లేదో ఇంకా తెలియనివారు తక్కువ వేడి శుద్ధ వెండి ముద్దను, టార్చ్‌ను తీసుకుని లోలకులు, చిన్న లాకెట్లు చేయాలి. వేరే ఏదీ ఇంత తక్కువ సరంజామాతో నిజమైన వెండి నగను చేతికివ్వదు. కాల్చిన నగ తెల్లగా, సుద్ద రాసినట్టు బయటికి వస్తుంది. ఇత్తడి తీగల బ్రష్‌తో సబ్బునీటిలో రుద్దితే ఆ తెలుపు అణిగి కింద వెండి బయటపడుతుంది, నున్నటి ఉక్కు కడ్డీతో ఒత్తి మెరుగు పెడితే ఇంకా తేరుతుంది.

అమ్మకం ఉద్దేశంతో మొదలుపెట్టేవారి సంగతి వేరు. ఇతరులు ధరించే నగకు బలం నమ్మకంగా ఉండాలి, కంటి లెక్కతో కాల్చిన నగకు ఆ హామీ ఇవ్వలేం. వారు కిల్న్ ఖర్చును మొదటే లెక్కలో వేసుకోవాలి. ప్రతి కాల్పులో అదే మట్టితో చేసిన పలుచని పట్టీని కూడా ఉంచి, చల్లారాక వంచి చూడాలి. పట్టీ వంగితే ఆ విడత నగలు బాగానే కాలినట్టు, పుటుక్కున విరిగితే మళ్లీ కాల్చాలి. శుద్ధ వెండిని మరోసారి కాల్చడం వల్ల నష్టమేమీ లేదు.

పిల్లలతో కలిసి చేయాలనుకునేవారు ఆకృతి చేయడం, అచ్చులు వేయడం వారికి వదిలి, కాల్పును తాము తీసుకోవాలి. నగిషీయే ప్రాణమైనవారికి, చేతిలో కిల్న్ ఉంటే, తొలి పీఎంసీ. ఉంగరాలు, గాజు అంచులు, కొక్కేలు చేసేవారికి 960. ధర తక్కువగా ఉండి పెద్ద ఆకృతులు కావాలనుకునే, కిల్న్‌తో ఇప్పటికే పరిచయమున్నవారికి కంచు.

మట్టి అసలు వద్దనవలసిన నగలు కూడా ఉన్నాయి. గొలుసు కడియాలు, సన్నని తీగ పని, నునుపైన చదును పట్టీలు వెండి తీగతో, రేకుతో చేస్తే చౌకగానూ గట్టిగానూ వస్తాయి. మట్టితో వాటిని అనుకరించడం అనవసర శ్రమ. ఒకే నగ వంద ప్రతులు కావాలంటే పోత పోయించుకోవడమే దారి. ఆకు ఈనెల ముద్ర, బట్ట నేత, చేతి వేలి గుర్తు, గుల్ల లోపలి వంపు వంటివి నేరుగా లోహంలోకి దించాలన్నప్పుడు మాత్రం మట్టికి సాటి లేదు, మట్టిని అటువంటి నగలకే దాచుకోవాలి.

మొదటి పొట్లం చిన్నదే కొనండి. దాన్ని విప్పే ముందు అదే ఆకృతిని మామూలు పాలిమర్ క్లేతో, పెంచిన కొలతలోనే ఒకసారి చేసి చూడండి. ఏ అచ్చు ఎంత లోతు పడుతుందో, ఏ అంచు పలచబడుతుందో, అతుకు ఎక్కడ వేయాలో అక్కడే తేలిపోతుంది. అప్పుడు వెండి ముద్ద గాలికి ఆరే ఆ కొద్ది నిమిషాలూ వెతుకులాటకు కాక పనికే దక్కుతాయి.